చిలకపచ్చ కిటికీలు

నాకు రంగు డబ్బా మూత తీయడమంటే పండగ. స్క్రూడ్రైవరు మొన అంచు కింద దూర్చి చుట్టూ కొంచెం కొంచెంగా లేపుతూ పోతే, చివరికి టప్పుమని మూత ఊడి లోపల నిండుగా రంగు కనిపిస్తుంది. ఆ సంబరం కోసమే ఆంటీ అవే కిటికీలకు మూడుసార్లు రంగు వేయించిందని మా అమ్మాయిలు నన్ను వెక్కిరిస్తారు. అది అబద్ధం. మూడుసార్లు వేయాల్సి వచ్చింది నా మొండితనం వల్ల. కాకపోతే మూడోసారి వేసినప్పటి సంతోషం ఇప్పటికీ నా ఒంట్లోంచి పోలేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

అమ్మాయిలంటే నా కడుపున పుట్టినవాళ్ళు కాదు. చైతన్యపురి మెట్రో దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కిందుగా నడిచి రెండో సందులోకి తిరిగితే ఒక పాత మేడ వస్తుంది. దాని పై వాటా కిరాయికి తీసుకుని ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నాను. మూడు గదులు, పదకొండు మంది పిల్లలు, ఒక వంటగది, నేను. సగం మంది గ్రూప్స్‌కి చదువుతారు, సగం మంది బ్యాంకు పరీక్షలకి. మాది నల్లగొండ వైపు పల్లె. వంట తప్ప వేరే విద్య రాక ఇందులో దిగాను, దిగాక ఇదే నా బతుకయింది. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. పప్పులో ఉప్పు ఎక్కువైందని ఎవరైనా అంటే ఆ పూట వాళ్ళకి పెరుగు వడ్డించను. సాయంత్రం నేనే పిలిచి రెండు గరిటెలు వేస్తాను, అది వేరే సంగతి.

కింది వాటాలో ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. కృష్ణా జిల్లా మనిషి, డెబ్బై దాటాయి, ఇప్పటికీ ఇస్త్రీ చేసిన చీరే కడుతుంది. వాటా చూడటానికి వెళ్ళిన మొదటి రోజే నన్ను నిలబెట్టి రెండు మాటలు చెప్పింది.

"చూడమ్మా, ఈ కిటికీలు మా ఊరి టేకు. నేను కలప డిపోలో కూర్చుని కోయించి లారీలో తెప్పించుకున్నాను. గోడలు పాడుచేసినా ఊరుకుంటాను గానీ కిటికీల జోలికొస్తే మాత్రం ఊరుకోను. ఇంకోటి, ఆడపిల్లల్ని పెడుతున్నావు. పరువుగా ఉండాలి."

రెండింటికీ తలూపాను. రెండో మాట కోసం మొదటి మాట తప్పుతానని నాకప్పుడు తెలియదు.

మా బాల్కనీకి ఎదురుగా, సందుకి అవతలి పక్క, మగపిల్లల హాస్టల్ ఉంది. నాలుగంతస్తులు, ప్రతి అంతస్తులోనూ బాల్కనీ. అది చూసి, హాస్టల్ తెరిచిన రోజే అట్టముక్క మీద లావు స్కెచ్చు పెన్నుతో నిబంధనలు రాసి తలుపు వెనక వేలాడదీశాను. అన్నిటికంటే పైన రాసింది ఇది: బాల్కనీలో బట్టలు ఆరవేయరాదు. కింద రెండు గీతలు కూడా కొట్టాను. డాబా మీదికి మెట్లు లేవు, ట్యాంకు దగ్గరికి పోయే ఇనుప నిచ్చెన తప్ప. అంటే పదకొండు మంది బట్టలూ గదుల్లోనే ఆరాలి. గోడ నుంచి గోడకి దండేలు కట్టాం. అవి చాలక మంచాల కమ్మీల మీద, కుర్చీల వీపుల మీద, తలుపు మీద కూడా వేసేవాళ్ళు. ఎదుటివాళ్ళకి లోపల కనిపించకూడదని కిటికీ రెక్కలు మూసి గడియలు పెట్టించాను. అద్దాలకి కింది సగం పాత పేపర్లు అంటించాను. బాత్రూంలో ప్లగ్గు లేదు కాబట్టి పిల్లలు గదిలోనే బకెట్లో రాడ్డు పెట్టి నీళ్ళు కాచుకునేవారు. నేను చేసిన ఏర్పాటు చూసి నాకే ముచ్చటేసింది. ఈగ కూడా దూరదు, ఎవడి కన్నూ పడదు అనుకున్నాను.

మొదటి చలికాలం వచ్చింది. పొద్దున లేచేసరికి అద్దాలు చెమటలు పట్టి ఉండేవి. చుక్కలు చుక్కలుగా మొదలై, ధారలు కట్టి, అంటించిన పేపర్లు నానబెట్టి, కింది చెక్క మీద మడుగు కట్టేవి. మంచు అనుకున్నాం. మంచు పడితే బయట పడాలి గదా అని ఒక్కరికీ తట్టలేదు. రెండు నెలలు తిరిగేసరికి హాస్టల్ తెరిచేముందు ఇంటావిడని అడిగి వేయించిన తెల్లరంగు అప్పడంలా పొంగి పొక్కులు లేచింది. వేలితో గిల్లితే చెక్కతో సహా ఊడివచ్చింది.

నాకు రోషం వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు రంగు మంచిది కాదని తిట్టాను, వేసినవాడిని తిట్టాను, పిల్లల్ని తిట్టాను. బాగుచేయించమని ఇంటావిడ అంటే నేనే వేసుకుంటానని చెప్పి, ఎండాకాలంలో బ్రష్షు పట్టుకున్నాను. ముదురు కాఫీ రంగు తెచ్చి, పొక్కుల మీద పొక్కులుండగానే మందంగా మూడు పూతలు పూశాను. సందులన్నీ మైనంతో మూసేశాను. రెక్కలు చట్రానికి అతుక్కుపోయి తెరుచుకోవడం మానేస్తే, పోనీలే, ఎట్లాగూ తెరవం గదా అని సంతోషించాను. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో నా చేతులతో నేనే తయారు చేసుకున్నాను.

మళ్ళీ చలికాలం రాగానే కాఫీ రంగు తోలులా వేలాడింది. ఈసారి మూలల్లో వేలు పెడితే చెక్క నీళ్ళలో నానిన రస్కులా లోపలికి పోయింది. ఒక పొద్దున ఇంటావిడ మెట్లెక్కి వచ్చింది. ఏదో చెబుదామని వచ్చి కిటికీ వైపు చూసి ఆగిపోయింది. దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని, మెత్తబడిన మూలని అరచేత్తో నొక్కి చూసింది. ఆవిడ అరిస్తే నేనూ అరిచేదాన్ని. అరవలేదు.

"పోయినేడు చెప్పాను, నువ్వే వేసుకుంటానన్నావు. ఇదా వెయ్యడం? శివరాత్రి దాకా చూస్తాను. ఈ లోపల బాగుచేయించు. బాగుచేశాక మళ్ళీ ఒక్క పొక్కు లేచినా, చలి వెళ్ళేలోగా అద్దం మీద ఒక్క చుక్క కనిపించినా, వాటా ఖాళీ చేసెయ్యి. నీ మీద కోపంతో కాదమ్మా. నా చెక్క నేను పోగొట్టుకోలేను."

"అమ్మా, పిల్లలకు పరీక్షలున్నయి," అన్నాను.

"తెలుసు. అందుకే శివరాత్రి దాకా అన్నాను."

ఆవిడ దిగి వెళ్ళిపోయాక నేను వంటగదిలోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా తోమాను. నాకు భయమేసింది. ఈ హాస్టల్ పోతే నాకు వేరే ఆధారం లేదు. పదకొండు మంది పిల్లల్ని సంవత్సరం మధ్యలో పెట్టెలతో సహా ఎక్కడికి పంపను? శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. దానితో పాటు మేమూ పోతామా అనుకున్నాను.

మర్నాడు తెల్లారగానే ఎల్బీ నగర్ అడ్డాకి వెళ్ళాను. పనికి పిలిచేవాళ్ళ కోసం మేస్త్రీలు, కూలీలు పొద్దున్నే వచ్చి నిలబడే చోటది. కిటికీల రంగు పని అనగానే నలుగురు చుట్టూ చేరి నలుగురూ ఒకే మాట అన్నారు, ఒక్కరోజు పని అని. దూరంగా సిమెంటు సంచి మీద కూర్చుని బీడీ కాలుస్తున్న ఒక పెద్దాయన మాత్రం, "చూడకుండ ఎట్ల చెప్తం?" అన్నాడు. ఆ యాస వినగానే మా వైపు మనిషని తెలిసిపోయింది. ఆయన్ని ఆటోలో ఎక్కించుకుని తీసుకొచ్చాను. చంపాపేట్‌లో ఉంటాడట, నలభై ఏళ్ళుగా ఇదే పనట.

మేం వచ్చేసరికి ఏడు దాటింది, అద్దాలు కారుతున్నాయి. మేస్త్రీ ఏమీ మాట్లాడకుండా బాల్కనీలోకి వెళ్ళి బయటి నుంచి అద్దాన్ని తడిమాడు. లోపలికొచ్చి తడిమాడు. మళ్ళీ బయటికి వెళ్ళాడు. నాకు ఓపిక తక్కువ.

"ఏంది అన్నా, అద్దంతోని ఆటలాడుతున్నవ్?"

"నువ్వు తడుము చెల్లె. బయట ఎట్లుంది?"

"పొడిగుంది."

"లోపట?"

"తడి."

"మరి వాన లోపట కురిసిందా? ఈ నీళ్ళు బయటికెల్లి రాలే. మీ ఇంట్లనే పుట్టినయి." గది మధ్యలో నిలబడి తలెత్తి చూశాడు. దండేల మీద పదకొండు మంది చుడీదార్లు, టవళ్ళు, దుప్పట్లు వేలాడుతున్నాయి. మూలలో బకెట్లోంచి ఆవిరి లేస్తోంది. "గీ తడంతా యాడికి పోవాలె? కిటికీలన్నీ బందువెట్టినవ్. అద్దం సల్లగుంటది, పోయి దానికే పట్టుకుంటది, కిందికి కారుతది, కట్టె తాగుతది. నువ్వు వెండి రంగేసినా, బంగారం రంగేసినా ఊడుతది."

"అయితే మంచి ప్రైమర్..."

"ప్రైమర్ కాదు, బట్టలు బయటెయ్యాలె. ఎయ్యకుంటే నేను బ్రష్షు ముట్ట. నా పని పాడైందంటే నాకు నిద్ర పట్టది."

నాకు ఒళ్ళు మండింది. "ఆడపిల్లల బట్టలు బయట ఎట్లేస్తం అన్నా? ఎదురుంగ మగపిల్లల హాస్టలున్నది, కనవడ్తలేదా?"

ఆయన బాల్కనీ తలుపు తీసి అటు చూశాడు. తిరిగి నన్ను చూశాడు. "మగపిల్లల బట్టలు యాడున్నయి?"

చూశాను. నాలుగంతస్తుల కమ్మీల మీదా వరసగా బనీన్లు, లుంగీలు, డ్రాయర్లు. ఒకటి ఎర్రది, ఒకటి చారలది, ఒకదానికి వెనక పెద్ద చిల్లు. నిలువెల్లా ఎండ తాగుతూ హాయిగా ఊగుతున్నాయి. రెండేళ్ళుగా అవి నా కళ్ళ ముందే ఊగుతున్నాయి. మేం వాటిని చూడకుండా కిటికీలు మూసుకున్నాం, వాళ్ళు మమ్మల్ని చూడకుండా కూడా మేమే మూసుకున్నాం.

నా వెనక ఫక్కున నవ్వు వినిపించింది. దేవరకొండ నుంచి వచ్చి గ్రూప్స్‌కి చదువుతున్న అమ్మాయి. మా హాస్టల్లో నాకు ఎదురు మాట్లాడేది ఆ పిల్లొక్కతే. "గా చిల్లు డ్రాయర్ గురించి మేం రోజు మాట్లాడుకుంటం ఆంటీ. మీకు చెప్పలే, పెరుగు బంద్ చేస్తరని."

నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వుతూనే ఆ పిల్ల మెడ మీద, జబ్బల కింద ఎర్రటి మచ్చలు చూశాను. "ఇవేంది?" అంటే మొదట చెప్పలేదు. గట్టిగా అడిగితే, సగం ఆరిన బట్టలు వేసుకుంటే దురద వస్తోందనీ, ఇంకో ముగ్గురికి కూడా ఉందనీ, మందు రాసుకుంటున్నామనీ చెప్పింది. నాకు సిగ్గేసింది. చిన్నప్పుడు మా అమ్మ నా లోపలి బట్టలు చీర కింద దాచి ఆరేసేది. అవి ఎప్పుడూ పూర్తిగా ఆరేవి కావు. తడి జాకెట్టుతో బడికి పోయి రోజంతా గోక్కున్నదాన్ని నేను. అదే రోత తెచ్చి పదకొండు మంది పిల్లలకి అంటించాను, పైగా గీతలు కొట్టి నిబంధన రాశాను. కోపం కూడా వచ్చింది, ఈసారి ఎవరి మీదా కాదు, నా మీదే.

"పని మొదలువెట్టు అన్నా," అన్నాను. "బట్టల సంగతి నేను చూసుకుంట."

ఆ తర్వాతి పది రోజులు మా ఇంట్లో పెళ్ళిసందడి! మేస్త్రీ మొట్టమొదట అతుక్కుపోయిన రెక్కల్ని పాత కత్తితో సందు కోసి, మడత బందుల మరలు విప్పి కిందికి దించాడు. ఆరు కిటికీలు, పన్నెండు రెక్కలు. వాటిని బాల్కనీలో గోడకి ఆనించి ఎండకి పెట్టాడు. "నాలుగు రోజులు ముట్టద్దు. కట్టె లోపటి దాకా ఎండాలె," అన్నాడు. కిటికీలకి ఇనుప చువ్వలున్నాయి కాబట్టి దొంగల భయం లేదు. కానీ రెక్కలు లేని గదుల్లోకి గాలి జలపాతంలా వచ్చి పడింది. రెండేళ్ళుగా ముక్కిన వాసనకి అలవాటుపడిపోయిన మాకు, ఆ వాసన పోయేదాకా అది ఉన్నట్టే తెలియలేదు. పిల్లలు చలికి దుప్పట్లు కప్పుకుని చదువుకుంటూ కూడా కిలకిల నవ్వారు. లోపల వేసిన బట్టలు కూడా మధ్యాహ్నానికల్లా పెళపెళలాడుతూ ఆరిపోయాయి. దేవరకొండ పిల్ల ఒక టవల్ తెచ్చి నా మొహానికి తాకించి, "చూడండి ఆంటీ, అప్పడం," అంది.

అయిదో రోజు గీకుడు మొదలైంది. నేను ఒక బ్లేడు అందుకున్నాను. కాఫీ రంగు కింద పాత తెల్లరంగు, తెల్లరంగు కింద ఇంకేదో ఎరుపు, దాని కింద ఒక చోట హఠాత్తుగా తేనె రంగులో టేకు! గీతలు గీతలుగా, నున్నగా, కొత్తగా. ఇంత అందమైన దాన్నా నేను మూడు పూతల కింద పాతిపెట్టాను! కేకేసి అందరినీ పిలిచాను. చదువులు వదిలేసి వచ్చి చెయ్యి వేసి చూశారు. ఆ ఆదివారం ఒక్కరూ ఊరికే కూర్చోలేదు. గరుకు కాగితాలు చింపి తలా ఒక ముక్క పంచాను. ఒక రెక్క మీద పాత పేపరు అంటుకుని, దాని మీది అక్షరాలు తిరగబడి చెక్కకి అచ్చుపడ్డాయి. ఏదో కోచింగ్ ప్రకటన. దాన్ని గీకి పారేసే హక్కు కోసం ఇద్దరు పోట్లాడుకున్నారు.

మెత్తబడిన మూలల్ని మేస్త్రీ ఉలితో తీసేశాడు. ఆ గుంతల్లో సరిపడా టేకు ముక్కలు చెక్కి అతికించాడు. సన్నటి సందుల్లో లప్పం పెట్టి బొటనవేలితో ఒత్తి నునుపు చేశాడు. ప్రైమర్ వేసేటప్పుడు రెక్కని తలకిందులుగా తిప్పి, అడుగు అంచుకి కూడా పూశాడు. "కనవడని కాడనే ముందు ఎయ్యాలె. నీళ్ళు ఆడికెల్లే పోతయి," అన్నాడు. రెండేళ్ళు నేను కనిపించే చోటే పూస్తూ వచ్చాను.

రంగు ఏది వెయ్యాలన్న చోట మళ్ళీ యుద్ధం. నేను కాఫీ రంగే అన్నాను, మురికి కనిపించదని. మేస్త్రీ చెయ్యి అడ్డం తిప్పాడు. "మురికి కనవడాలె చెల్లె. దాసుకునే రంగేస్తే కుళ్ళినంక తెలుస్తది." పిల్లలు కాగితం ముక్కల మీద ఓట్లు వేశారు. తొమ్మిది ఓట్లతో చిలకపచ్చ గెలిచింది. నా ముక్క తెరవకుండానే దేవరకొండ పిల్ల నలిపి పారేసింది. దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో రంగు కలిపే మిషను గిరగిర తిరుగుతుంటే నేను చిన్నపిల్లలా కౌంటరు మీదకి వంగి చూశాను. దుకాణం అబ్బాయి డబ్బా మూత తీసి ఒక చుక్క మూత మీద అద్ది చూపించాడు. లేత చిలక రెక్క రంగు! మెట్రోలో ఇంటికి వస్తూ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్నావిడ ఏమిటని అడగలేదు, అయినా నేనే చెప్పాను.

రెండు పూతలు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఒకరోజు ఎండ. రెక్కలు మళ్ళీ ఎక్కించి మరలు బిగించాక మేస్త్రీ నన్ను పిలిచి, "తీసి చూడు," అన్నాడు. చిటికెనవేలితో తోశాను. కిర్రుమని కూడా అనలేదు, చప్పుడు లేకుండా తెరుచుకుంది. నాకు ఏడుపొచ్చింది. నవ్వుకుంటూనే ఏడ్చాను. మేస్త్రీ కంగారుపడి, "ఇంకో పూత ఎయ్యమంటవా?" అన్నాడు.

ఇక మిగిలింది నా మాట. బాల్కనీలో ఈ చివర నుంచి ఆ చివరకి నైలాన్ తాడు కట్టాను. దుప్పట్లు, టవళ్ళు, చుడీదార్లు బయట వేయించాను. మనసులో మాత్రం ఇంకా పిరికితనం ఉంది. లోపలి బట్టలు మాత్రం గదిలోనే, కుర్చీల మీద, పైన ఒక టవల్ కప్పి. తలుపు వెనక నిబంధన చింపెయ్యకుండా, చివర "దుప్పట్లు, టవళ్ళు, చుడీదార్లు తప్ప" అని కలిపాను. వారం తిరక్కుండానే ఒక పొద్దున మధ్య గది అద్దం మీద చుక్కలు కనిపించాయి. కింద చిలకపచ్చ రంగు మీద సన్నటి తడి గీత. ముదురు రంగయితే నాకు కనిపించేదే కాదు. శివరాత్రి ఇంకా ఇరవై రోజులుంది.

మేస్త్రీకి ఫోన్ చేశాను. సాయంత్రం వచ్చాడు. తడి గీత చూసి, కుర్చీలు చూసి, పైన కప్పిన టవల్ కొస ఎత్తబోయి, ఎత్తకుండానే వదిలేశాడు. "సగం ధైర్యం జేస్తే సగం తడి ఉంటది చెల్లె," అని మాత్రం అన్నాడు. చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి నేను స్నానం చేసి, నా బట్టలు నేనే పిండుకుని బకెట్ ఎత్తుకుని బాల్కనీలోకి వచ్చాను. మొదట చీర వేశాను. తర్వాత లంగా. ఆ తర్వాత జాకెట్టు. మిగిలినవి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. యాభైకి దగ్గరపడ్డ మనిషిని, దొంగలా అటూ ఇటూ చూశాను. నా లోపలి బట్టలు ఏనాడూ ఎండ చూడలేదు, ఆ మాట ఆ రోజు అనుకుంటేనే నాకు తెలిసింది. ఎదురు బాల్కనీలో ఒకడు పుస్తకం పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ రాజ్యాంగం అధికరణాలు బట్టీ పడుతున్నాడు. నేను వేశాను. దులిపి, సరిచేసి, క్లిప్పు పెట్టి మరీ వేశాను. అతను ఈ చివర దాకా వచ్చాడు, ఆ చివర దాకా పోయాడు, అధికరణం తప్పు చెప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. తలెత్తి కూడా చూడలేదు. ఇంతేనా! ఇంత దానికా ఆరు కిటికీలు కుళ్ళబెట్టాను!

వెనక్కి తిరిగితే పిల్లలందరూ తలుపు దగ్గర గుమిగూడి ఉన్నారు. "ఏం జూస్తున్రు? తెచ్చుకోండి మీయి," అన్నాను. గంటలో తాడు మీద చోటు లేదు. మధ్యాహ్నం నేనే నిబంధనల అట్ట తీసి పొయ్యి వెలిగించే గ్యాసు లైటరుతో అంటించబోయాను, అంటుకోలేదు, చింపి చెత్తబుట్టలో వేశాను. రాడ్డు కూడా గదుల్లోంచి తీయించి, నీళ్ళు వంటగదిలో కాచడం మొదలుపెట్టాం. మూడు పొద్దులు వరసగా లేచి అద్దాలు తడిమాను. పొడి. నాలుగో రోజూ పొడే.

అయిదో రోజు ఇంటావిడ గుడి నుంచి వస్తూ గేటు దగ్గర ఆగి పైకి చూసింది.

నేను బాల్కనీలోనే ఉన్నాను, దాక్కోవడానికి చోటు లేదు. నిండుగా ఉంది తాడు. ఆవిడ మొహంలో ఏమీ కనిపించలేదు. పూలసజ్జ చేత్తో పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కడం మొదలుపెట్టింది. కిటికీలు బాగుపడ్డాయి, నిజమే. కానీ పరువు అన్న మాట నేనే తీసుకెళ్ళి ఆవిడ ఇంటి ముందు క్లిప్పులు పెట్టి వేలాడదీశాను. ఈ రెండింటిలో ఆవిడ దేన్ని ఎంచుకుంటుందో నాకు తెలియదు. కిటికీల కోసం వాటా నిలబెట్టుకుని, దండెం కోసం పోగొట్టుకుంటానా?

ఆవిడ వచ్చింది. తాడు వైపు ఒక్క చూపు చూసి, వంగి దాని కింద నుంచి దాటి గదిలోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. సజ్జ మంచం మీద పెట్టింది. కళ్ళజోడు సవరించుకుంది. కిటికీ కింది చెక్క మీద ఈ చివర నుంచి ఆ చివరకి వేలు జరిపింది. మేస్త్రీ కొత్త ముక్క అతికించిన మూలలో గోరు గుచ్చింది. గోరు దిగలేదు. అద్దం మీద అరచెయ్యి పెట్టి తీసి, తన చెయ్యి చూసుకుంది.

"రంగు ఇదేం రంగమ్మా, కళ్ళు చెదురుతున్నాయి," అంది.

"పిల్లలు ఓట్లేసిన్రమ్మా," అన్నాను.

"అన్ని బట్టలూ బయటే వేస్తున్నారా?"

"అన్ని."

"ఎవరూ ఏమీ అనలేదా?"

"ఎవ్వరు చూడనే లేదమ్మా."

ఆవిడ మంచం మీద కూర్చుంది. సజ్జలోంచి ఒక బంతిపువ్వు తీసి వేళ్ళ మధ్య తిప్పింది. "శివరాత్రి మాట మర్చిపో," అంది. నేను చేతులెత్తి దణ్ణం పెట్టబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపింది. తర్వాత, అటు కిటికీ వైపు చూస్తూ, మెల్లిగా అడిగింది.

"ఆ రంగు ఇంకా మిగిలిందా?"

సగం డబ్బా ఉంది. ఎందుకో అర్థం కాకుండానే డబ్బా, బ్రష్షు పట్టుకుని ఆవిడ వెంట కిందికి దిగాను. ఈ రెండేళ్ళలో ఆవిడ పడకగదిలోకి నేను వెళ్ళడం అదే మొదటిసారి. కిటికీ మూసి ఉంది. ఎదురుగా పక్కింటి గోడ తప్ప ఏమీ లేదు. చెక్క అడుగంతా నల్లబడి, రంగు పొలుసులుగా లేచి ఉంది, అచ్చం మునుపటి మా కిటికీలాగే. "రెండేళ్ళుగా ఊడుతోంది. పై నుంచి నీ నీళ్ళే కారుతున్నాయనుకున్నాను," అంది. కిటికీకీ మంచానికీ మధ్య రెండు కుర్చీలు వీపులు కలిపి పెట్టి ఉన్నాయి. వాటి మీద ఆవిడ లంగాలు, జాకెట్లు, మిగతావి. పైన ఒక టవల్ కప్పి ఉంది.

డెబ్బై దాటిన మనిషి. సొంత ఇల్లు, లోపల ఒక్కతే. ఎవరి నుంచి దాస్తోంది? ఆ మాట నేను అడగలేదు, అడగాల్సిన అవసరం నాకు లేదు. డబ్బా కింద పెట్టి, పైకి పరిగెత్తి, మిగిలిన నైలాన్ తాడు చుట్ట పట్టుకొచ్చాను.

"వెనక సందుల కట్టమంటరా అమ్మా?" అన్నాను.

ఆవిడ కుర్చీల మీది టవల్ తీసి మడత పెడుతోంది.

"వెనకాల ఎండెక్కడ వస్తుందే? ముందర కట్టు."